చిన్నతాత చూడని ఫైనల్సు

మగవాళ్ళకు ఆటల పిచ్చి ఎందుకుంటుందో నాకు చిన్నప్పటినుంచీ అర్థం కాదు. మా ఇంట్లో ఆ పిచ్చి క్రికెట్టు రూపంలో ఉండేది. ఆదివారం భోజనాల దగ్గర స్కోరెంతయిందని అడిగేవాళ్ళే తప్ప, పప్పులో ఉప్పు సరిపోయిందీ లేనిదీ చెప్పిన పాపాన పోయినవాడు లేడు. మీ ఇళ్ళల్లోనూ ఇదే వరస అయివుంటుంది. అయితే మా వంశంలో ఒక్క మనిషి మాత్రం క్రికెట్టు మాట వస్తే మొహం పక్కకు తిప్పుకునేవాడు. మా తాతయ్యకు ఆఖరి తమ్ముడు, మా చిన్నతాత. ఆయనది ఫుట్‌బాల్ పిచ్చి. పట్నంలో ఉన్నవాడికైతే సరే, మునగాలలో కూర్చున్న బడిపంతులికి ఫుట్‌బాల్ పిచ్చేమిటండీ?

మునగాల అందరికీ తెలియకపోవచ్చు. హైదరాబాదు నుంచి బెజవాడ వెళ్ళే బస్సు సూర్యాపేట దాటాక, కోదాడ రాకముందు వచ్చే ఊరు. మా ఊరిది చిత్రమైన చరిత్ర. చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో మునగాల పరగణా మాత్రం ఇంగ్లీషువాళ్ళ కృష్ణా జిల్లాలో భాగం. గోదావరి నడుమ లంకలాగా అన్నమాట. పొలిమేర దాటితే రాజ్యం మారిపోయేది. ఇటు చెల్లేది కల్దారు రూపాయి, అటు చెల్లేది హాలీ సిక్కా. సరుకు దాటించాలంటే నిజాం వారి కరోడ్‌గిరీ నాకా. మా నాయనమ్మ పుట్టిల్లు అవతలి రాజ్యంలో ఉండేదిట. సంక్రాంతికి పుట్టింటి నుంచి తెచ్చుకున్న అరిసెల డబ్బాను కూడా నాకావాడు మూత తీసి చూసి, రెండు తిని మరీ పంపించేవాడట.

1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం నెలకొల్పినవాళ్ళలో మునగాల రాజా నాయని వెంకట రంగారావు గారొకరు. ఆయన దగ్గర దివానుగా పనిచేసినవారు కొమర్రాజు లక్ష్మణరావు గారు. కాబట్టి మునగాల వాళ్ళ వల్ల హైదరాబాదుకు తెలుగు పుస్తకాలు వెళ్ళాయన్నది చరిత్రలో రాసి ఉంది. హైదరాబాదు నుంచి మునగాలకు ఫుట్‌బాల్ వచ్చిన సంగతి మాత్రం ఎవరూ రాయలేదు. అందుకని నేను రాస్తున్నాను.

నిజాం రాజ్యం పోయిన నాలుగేళ్ళకు, 1952లో, పద్నాలుగేళ్ళ చిన్నతాతను చదువుకోసం కాచిగూడలో ఉన్న మేనమామ ఇంటికి పంపించారు. చదువు ఎంత అబ్బిందో తెలియదు గాని, వెళ్ళిన వారానికే హైదరాబాద్ సిటీ పోలీస్ వాళ్ళ ఫుట్‌బాల్ ప్రాక్టీసు కంటపడిందిట. అంతే. సాయంత్రం పాలకని చెంబుతో వెళ్ళిన పిల్లాడు చీకటిపడ్డాక ఖాళీ చెంబుతో తిరిగొచ్చేవాడట.

ఆ రోజుల్లో ఆ జట్టు మామూలు జట్టు కాదు. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు పట్టుకొచ్చారు. 1950లోనే ఢిల్లీలో డ్యూరాండ్ కప్పు ఫైనల్లో కలకత్తా మోహన్ బగాన్‌ను ఓడించారు. దేశంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తా అనుకునే రోజుల్లో, నెలజీతం మీద బతికే పోలీసు కుర్రాళ్ళు వెళ్ళి ఆ మాట మార్చేశారు. వాళ్ళకు ఆట నేర్పినాయన సయ్యద్ అబ్దుల్ రహీం. అందరికీ రహీం సాబ్. 1909లో హైదరాబాదులోనే పుట్టిన ఆయన, అసలు వృత్తి చూస్తే మా చిన్నతాతలాగే బడిపంతులు.

రహీం సాబ్ పద్ధతి వింటే నాకు మన వంటిళ్ళు గుర్తొస్తాయి. నలుగురు తోడికోడళ్ళున్న ఇంట్లో గరిటె ఒక్కావిడ చేతిలోనే ఉండిపోతే వంట సాగుతుందా? బంతి కూడా అంతేనట. ఒక్కడే కాళ్ళ మధ్య తిప్పుకుంటూ గొప్ప చూపించుకోకూడదు, అందుకోగానే పక్కవాడికి ఇచ్చెయ్యాలి. అది అలవాటు కావడానికి ఆయన పిల్లలకు ప్రత్యేకంగా పోటీలు పెట్టేవాడు. బంతిని కాళ్ళతో తిప్పుకుంటూ పోవడానికి వీల్లేని పోటీ ఒకటి. అలవాటు లేని కాలితోనే తన్నాలనే పోటీ ఇంకొకటి. మా చిన్నతాత ఎనభయ్యో ఏట కూడా వాకిట్లో గులకరాయి కనిపిస్తే ఎడమకాలితోనే పక్కకు నెట్టేవాడు. ఆయన పుట్టుకతో కుడిచేతి, కుడికాలి వాటం మనిషి.

ఇంత పిచ్చి ఉన్న మనిషికీ ఒక పెద్ద లోటు ఉండిపోయింది. ఆయన ఒక్క ఫైనలూ చూళ్ళేదు. ప్రాక్టీసులు చూశాడు, చిన్నా చితకా మాచ్‌లు చూశాడు. కప్పు ఎవరిదో తేలే ఆటలు మాత్రం ఎక్కడో బొంబాయిలోనో ఢిల్లీలోనో జరిగేవి. ఇక్కడ ఇరానీ హోటల్లో ఎవరో సియాసత్ పేపరు పైకి చదువుతుంటే గుమ్మం దగ్గర నిలబడి వినడమే ఈయన వంతు. గెలిచారని తెలిసేసరికి ఆ గెలుపుకు ఒకటి రెండు రోజుల వయసు వచ్చేసి ఉండేది. నిన్నటి కూర మాదిరిగా ఉండేదమ్మాయ్, రుచికేం లోటు లేదు గాని పొగలు ఉండవు, అనేవాడు.

1957లో ఒక్కసారి అదృష్టం తలుపు తట్టింది. రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ ఆ ఏడు హైదరాబాదులోనే జరిగింది. అంతకుముందు ఏడాది కూడా హైదరాబాదే గెలిచి ఉంది. ఈసారి సొంత ఊళ్ళో. మేనమామ కాళ్ళావేళ్ళా పడి టిక్కెట్టు సంపాదించాడట చిన్నతాత. సరిగ్గా అప్పుడే మునగాల నుంచి ఉత్తరం వచ్చింది. పెళ్ళిచూపులున్నాయి, వెంటనే బయల్దేరి రావలసింది. ఆ రోజుల్లో తండ్రి ఉత్తరం అంటే కోర్టు సమను. ఈయన ఇక్కడ కుర్చీలో తలవంచుకుని కూర్చున్నాడు, అక్కడ హైదరాబాదు జట్టు బొంబాయిని ఓడించి ట్రోఫీ నిలబెట్టుకుంది.

చిన్న నాయనమ్మ ఈ ముచ్చట చెప్పేటప్పుడు ఇప్పటికీ పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. "చూడవచ్చిన మనిషి మొహం అంత దిగాలుగా ఉంటే నేను నచ్చలేదేమో అనుకుని ఆ రాత్రంతా ఏడ్చానే తల్లీ. పెళ్ళయిన ఆర్నెల్లకు గాని తెలియలేదు, ఆ ఏడుపు నా గురించి కాదనీ, బంతి గురించనీ."

ఇక 1962 సంగతి. అప్పటికి చిన్నతాత మునగాలలో పంతులు. ఎండాకాలంలో చెరువు ఎండితే ఆ నెర్రెల నేలలోనే పిల్లల చేత బంతి తన్నించేవాడు. జకార్తాలో ఏషియన్ గేమ్స్ జరుగుతున్నాయి. మన జట్టుకు రహీం సాబే కోచ్. అప్పటికే ఆయనకు కాన్సరు. హైదరాబాదు వైపు వాళ్ళు ముగ్గురు ఆ ఫైనల్లో ఆడారు. హైదరాబాదులో పుట్టిన గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్, సికిందరాబాదు అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం, యూసుఫ్ ఖాన్.

ఆ ఫైనల్ గురించి చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది. ఇజ్రాయెల్‌నూ తైవాన్‌నూ ఆటలకు రానివ్వలేదని మన దేశపు అధికారి ఒకాయన అభ్యంతరం చెప్పడంతో, జకార్తా జనానికి మనమీద పట్టరాని కోపం వచ్చింది. మన రాయబార కార్యాలయం మీద పడ్డారు. సెప్టెంబరు 4న సెనాయన్ స్టేడియంలో లక్షమంది పోగయ్యారు, మన జాతీయగీతం వినపడనివ్వకుండా గోల చేశారు. ఎదురుగా దక్షిణ కొరియా. అదే కొరియా చేతిలో మనవాళ్ళు మొదటి మాచ్‌లో రెండు గోల్స్ తేడాతో ఓడిపోయి ఉన్నారు. డిఫెండర్ జర్నైల్ సింగుకు తల పగిలి కుట్లు పడ్డాయి. ఇంకొకరైతే పడుకోబెట్టేవాళ్ళు. రహీం సాబ్ అతణ్ణి వెనక వరసలోంచి తీసి ముందు వరసలో పెట్టాడు. ఆ కుట్ల తలతోనే అతను గోలు చేశాడు. అంతకు మూడు నిమిషాల ముందు పి.కె. బెనర్జీ ఒకటి చేసి ఉన్నాడు. ఆట ముగిసేముందు కొరియా ఒకటి చేసింది. రెండు ఒకటి. బంగారు పతకం మనది. ఆ తర్వాత ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మనకు మళ్ళీ బంగారం రాలేదు.

మునగాలలో చిన్నతాతకు దక్కింది పంచాయితీ రేడియోలో ఒక్క వాక్యం. ఆ వాక్యం అయిపోయి ధరవరలు మొదలైనా ఆయన రేడియో ముందునుంచి లేవలేదట. మర్నాడు బెజవాడ పేపరు వచ్చేదాకా అన్నం సయించలేదట. పేపరొచ్చాక తరగతిలో పిల్లలకు లెక్కలు మానేసి పదకొండు పేర్లు వల్లె వేయించాడు. ఇన్‌స్పెక్టరు వచ్చి ఉంటే ఏమయ్యేదోనని చిన్న నాయనమ్మ ఇప్పటికీ అంటుంది.

తర్వాతి ఏడు, 1963 జూన్ 11న రహీం సాబ్ పోయారు. సిటీ పోలీస్ జట్టు పేరు అప్పటికే మారిపోయింది. 1961లో డ్యూరాండ్ గెలిచింది ఆంధ్రా పోలీస్ అనే పేరుతోనే. తర్వాత తర్వాత ఆ పేరూ వినపడలేదు. నేను పుట్టేనాటికి ఇంటింటా క్రికెట్టే. సెలవులకు మునగాల వెళితే, చిన్నతాత మాకు నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్ అని పేర్లు చెబుతూ, 1956లో వీళ్ళంతా కలిసి మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగో స్థానం దాకా వెళ్ళారర్రా అనేవాడు. మేం కొడుకులూ కూతుళ్ళ పిల్లలం, గోడ మీద కూర్చుని నవ్వుకునేవాళ్ళం. భారతదేశం, ఒలింపిక్సు, ఫుట్‌బాల్! ముసలాయన కథలల్లుతున్నాడనుకున్నాం. పెద్దయ్యాక పుస్తకాల్లో చూసి నాకు సిగ్గేసింది. ప్రతి అక్షరం నిజం.

2019లో హైదరాబాదు పేరుతో మళ్ళీ ఒక పెద్ద జట్టు వచ్చింది, హైదరాబాద్ ఎఫ్.సి. పుణె జట్టు మూతపడితే ఆ స్థానంలో వచ్చింది. చిన్నతాతకు అప్పటికి ఎనభై ఒకటి. జట్టులో మన గల్లీ పిల్లలెవరూ లేరు కద తాతా, గోవా వాళ్ళూ మణిపూర్ వాళ్ళూ స్పెయిన్ వాళ్ళూనూ, అన్నాను. "తంగరాజు ఇంటిభాష తెలుగా ఏం? చొక్కా మీద ఏం రాసుందో చూడు" అన్నాడు. అంతే, మరి మాట్లాడనివ్వలేదు.

2022 మార్చిలో ఆ జట్టు ఐ.ఎస్.ఎల్. ఫైనలుకు వచ్చింది. సెమీఫైనల్లో ఓడించింది ఎవర్నీ? మోహన్ బగాన్‌ను. పేరు ముందు ఇంకేవో అక్షరాలు తగిలించుకుని ఉంది గాని, ఆ బగానే. డెబ్బై రెండేళ్ళ తర్వాత! చిన్నతాత నాకు ఫోను చేశాడు. "ఆదివారం వచ్చెయ్యి. ఈసారి ఏ పెళ్ళిచూపులూ లేవు."

వెళ్ళాను. ఆట గోవాలో, ఫతోర్డా స్టేడియంలో. ఎదురు జట్టు కేరళ. ఇక్కడొక చిక్కుంది. చిన్నతాత ఇంటి పైవాటాలో ఒక మలయాళీ నర్సమ్మ అద్దెకుంటోంది, కోదాడ ఆసుపత్రిలో పని. ఏడాది కిందట ఆయన గుండెకు స్టెంటు వేసినప్పటినుంచీ రోజూ బీపీ చూసేది ఆ అమ్మాయే. ఫుట్‌బాల్ అంటే ప్రాణం పెట్టే మనిషి. వాళ్ళ కేరళ అంతకుముందు 2014లో, 2016లో రెండు ఫైనల్స్ ఓడిపోయి ఉంది. పైన టీవీ లేదు. మరెక్కడ చూస్తుంది? బీపీ మిషను పట్టుకుని మా మధ్యే కూర్చుంది.

ఆట మొదలయింది. స్టేడియం నిండా పసుపు చొక్కాలు. చిన్న నాయనమ్మ సంబరపడిపోయి "అంతమందీ మనవాళ్ళేనా?" అంది. కాదట, వాళ్ళంతా కేరళ అభిమానులు. పసుపు చొక్కాలతో ఆడుతున్నది మాత్రం మనవాళ్ళు, కేరళ జట్టు నల్లచొక్కాలు వేసుకుంది. నాకు సగం ఆట ఈ చొక్కాల లెక్క తేల్చుకోవడానికే సరిపోయింది.

అరవై ఎనిమిదో నిమిషంలో రాహుల్ అనే కేరళ కుర్రాడు దూరం నుంచి కొట్టాడు. మన గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి చేతులకు తగిలి కూడా బంతి లోపలికి పోయింది. నర్సమ్మ ఎగిరి గంతేసింది, వెంటనే చిన్నతాత వైపు చూసి నాలిక కరుచుకుని ఆయన చేయి పట్టుకుంది. నాడి చూడ్డానికో, ఓదార్చడానికో తెలియదు. ఆయన ఆ చేతిని విడిపించుకోలేదు. నిమిషాలు కరుగుతున్నాయి. చిన్న నాయనమ్మ లేచి వంటింట్లోకి పోయింది. నేను చూస్తే ఓడిపోతున్నారు, నేను పోతాను, అంది. ఆవిడ పోయిన కాసేపటికి, ఎనభై ఎనిమిదో నిమిషంలో, సాహిల్ తవోరా గాల్లో వస్తున్న బంతిని వచ్చినట్టే బాదాడు. ఒకటి ఒకటి! ఇక ఆవిణ్ణి వంటింట్లోంచి బయటకు రానిస్తామా?

అదనపు అరగంటలోనూ తేలలేదు. పెనాల్టీలు. నర్సమ్మ మిషను చుట్టి చూసి మొహం గంభీరంగా పెట్టింది. "తాతయ్యా, నూట డెబ్బై ఉంది. ఇక మీరు చూడకూడదు." చిన్నతాత మండిపడ్డాడు. "కేరళ కుట్ర ఇది!" అన్నాడు. వంటింట్లోంచి చిన్న నాయనమ్మ గొంతు: "ఏమండీ, ఆ పిల్ల చెప్పినట్టు వినండి. నాకు మీరు కావాలి గాని కప్పెందుకూ?"

ఆ మాటతో ఆయన లేచాడు. అరుగు మీదకు వెళ్ళి, వీధివైపు మొహం పెట్టి కూర్చున్నాడు. ఎనభై నాలుగేళ్ళ మనిషి, మళ్ళీ గుమ్మం అవతలే. నాకు గొంతులో ఏదో అడ్డంపడింది. "తాతా, నేను చెబుతుంటాలే" అన్నాను. ఫుట్‌బాల్ సంగతి ఓనమాలు తెలియని నేను ఆ రాత్రి సియాసత్ పేపరునైపోయాను.

కేరళ మొదటి దెబ్బ, కట్టిమణి ఆపాడు. అరిచి చెప్పాను. మనవాడు కొట్టాడు, గోలు. అరిచాను. కేరళ రెండో దెబ్బ, మళ్ళీ ఆపాడు! "ఆపేశాడు తాతా!" అని గంతులేస్తుండగానే రిఫరీ ఏదో చెయ్యి చూపించాడు. "కాదు తాతా, లెక్కలోకి రాదుట, గోల్‌కీపరు గీత మీంచి ముందుకొచ్చాడుట, మళ్ళీ కొడతారుట." అరుగు మీదినుంచి ఉలుకూ పలుకూ లేదు. మళ్ళీ కొట్టారు. కట్టిమణి మళ్ళీ ఆపాడు. అప్పటికి నా గొంతు పోయింది. మనవాడొకడు వృథా చేశాడు. కేరళ ఒకటి వేసింది. మనం ఒకటి వేశాం. నేను ఎవరు ఎవరో కలగాపులగం చేసి చెబుతున్నాను.

వెనక అలికిడయింది. చిన్నతాత గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నాడు. "నీకు చెప్పడం రాదే అమ్మాయ్. నా ప్రాణం తీస్తున్నావు. చూస్తేనే నయం" అన్నాడు. నర్సమ్మ ఏమీ అనలేదు, పక్కకు జరిగి కుర్చీ ఇచ్చింది.

కేరళ నాలుగో దెబ్బ. కట్టిమణి ఆపాడు. ఒక్క గోలు చేజార్చినందుకు గంటన్నరగా తల వంచుకున్న మనిషి, మొత్తం ముగ్గుర్ని ఆపాడు. ఆ తర్వాత హలిచరణ్ నర్జారీ వచ్చి బంతిని వలలో వేశాడు. మూడు ఒకటి. కప్పు హైదరాబాదుది.

చిన్నతాత అరవలేదు. చప్పట్లు కొట్టలేదు. తెరమీద కుర్రాళ్ళు ఒకరిమీద ఒకరు పడి దొర్లుతుంటే కళ్ళద్దాలు తీసి పంచెతో తుడుచుకున్నాడు. తర్వాత పక్కకు చూశాడు. నర్సమ్మ మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడుస్తోంది. మూడో ఫైనలు, మూడోసారి ఓటమి. "నేను అరవై ఏళ్ళు ఆగాను తల్లీ. నువ్వు చిన్నదానివి" అన్నాడు ఆ అమ్మాయి తలమీద చెయ్యి వేసి. చిన్న నాయనమ్మ నలుగురికీ కంచాల్లో పెరుగన్నం కలుపుకొచ్చింది. ముందు కంచం కేరళకే ఇచ్చింది.

ఆ తర్వాతి కథ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. మరుసటి ఏడు రెండో స్థానంలో నిలిచారు, ఆ పైన డబ్బుల ఇబ్బందులు, ఆటగాళ్ళ వలసలు. 2025లో ఆ జట్టు మూటాముల్లె సర్దుకుని ఢిల్లీ వెళ్ళి, పేరు కూడా మార్చుకుంది. ఈ వార్త చిన్నతాతకు ఎలా చెప్పాలా అని రెండు రోజులు ఆగాను. ఎనభై ఏడేళ్ళ మనిషి, స్టెంటు గుండె. చివరికి ఫోనులో నసుగుతూ చెప్పాను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు. "నేను కృష్ణా జిల్లాలో పుట్టాను. నల్లగొండ జిల్లాలో పంతులుగా చేశాను. ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో పింఛను తీసుకుంటున్నాను. మధ్యలో ఇల్లు మారానా, వాకిలి మారానా? ఊరు కదలకుండానే ఇన్ని పేర్లు మారితే, కాళ్ళున్న జట్టు, పోతే పోయిందిలే."

ఆ మాటతో సరిపెట్టుకున్నాడేమో అనుకుని నేను ఊపిరి పీల్చుకున్నాను. ఫోను పెట్టెయ్యబోతుంటే మళ్ళీ ఆయన గొంతు, కాస్త తగ్గించి, చిన్న నాయనమ్మకు వినపడకుండా:

"అమ్మాయ్, ఆ ఢిల్లీ వాళ్ళ మాచ్‌లు ఏ ఛానల్లో వస్తాయో కనుక్కుని చెప్పు."